సుగుణకు చెప్పిన గుర్తు

ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. దించే చోటు దొరకలేదు. తిరుపతిలో లెక్కల టీచర్ని నేను. సంకలన విలోమం పాఠం వచ్చిందంటే తలనొప్పి అని చెప్పి పక్క సెక్షన్ టీచరుకు అప్పగిస్తాను. తలనొప్పి కాదది. మీకొక్కరికే చెబుతున్నాను.

మాది నగరి. మా ఇంట్లోనూ చిన్నాన్న ఇంట్లోనూ మరమగ్గాలే. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. కరెంటు పోతేనే మాకు చదువు. చిన్నాన్న కూతురు సుగుణ, నేను ఒకే తరగతి. తను ఒక్కసారి వింటే చాలు, నేను ఎన్నిసార్లు రాసినా తప్పులే. సారు తనను మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కుళ్లు. దానికి ఇంకో పేరెందుకు?

గణిత పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. బోర్డు మీద లెక్క చేయించి ఎంచుతారట. ఎంపికైతేనే పైచదువు, లేదంటే మగ్గమే అని చిన్నాన్న తేల్చేశాడు. ఆ వారమంతా సుగుణను మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి ఇంట్లోనే ఉంచారు, సంకలన విలోమం పాఠం పోయింది. ముందురోజు కరెంటు పోగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, సంకలన విలోమానికి గుర్తులు మార్చల్ల గదా. అన్నీ మార్చల్లా, ముందుదొకటేనా?”

“ముందుదొకటి మారిస్తే సాలు పో.”

తెలిసే చెప్పాను. అంతలో కరెంటు వచ్చింది, మగ్గాలు మోత మొదలుపెట్టాయి. ఇక చెప్పినా వినపడదులే అనుకున్నాను. చెవి దగ్గరికెళ్లి అరిస్తే వినపడదా?

మర్నాడు సారు 5x − 3 ఇచ్చి సంకలన విలోమం రాయమన్నారు. సుగుణ −5x − 3 అని రాసింది. రెండూ కూడితే సున్నా రావాలి, రాదు. అక్క చెప్పింది కదా అని తను కూడి చూసుకోలేదు. తర్వాత నేను వెళ్లి −5x + 3 రాశాను. నన్నే పంపారు. అక్కే అట్లా చెప్పిందని తను సారుతో అనలేదు. నన్ను కాపాడిందా, తనే తప్పు విన్నాననుకుందా, ఇన్నేళ్లూ అడగకుండా తప్పించుకు తిరిగాను. ఆ ఏడే తనను బడి మాన్పించారు.

ఇప్పటికీ సుగుణ మగ్గం దగ్గరే. నేను నగరికి వెళితే కూతుర్ని నా ముందు కూర్చోబెట్టి, అమ్మకు లెక్కలు రావని, పెద్దమ్మనే అడగమని చెబుతుంది. నేను తలూపుతాను.

తనకు లెక్కలు వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఈ మాట తన ముందు అనడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు, ఆ కుళ్లు ఇంకా పోలేదేమో. ఇక్కడైతే అన్నాను.