వానకోటు కొలత

రేపు సాయంత్రం ఓడ బయలుదేరుతుంది. వీధంతా మిషనక్క అని పిలిచే దర్జీ, పెట్టెలో ఉన్ని బట్టలూ మేజోళ్ళూ సర్దుకుంది. చలిలో, వానలో వారం రోజులు, తొలి ఓడ ప్రయాణం. ముచ్చటపడి రెండు టికెట్లు కొన్న భర్త వేసవిలోనే పోయాడు. ఆయన బదులు చెల్లెలు వస్తోంది.

ఇక మిగిలింది వానకోటు. తనకోసం తానే కుట్టుకున్న ఆ కోటును చెల్లెలి ముందు తొడుక్కుంది. కోటు చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడాయి.

"ఊరందరికీ కుట్టి, నీకు మాత్రం గోనెసంచి కుట్టుకున్నావేంటే అక్కా!" అని చెల్లెలు నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "ఇది బావ కొలత కదే."

ముప్పై ఏళ్ళు ఆయన బట్టలు కత్తిరించిన చెయ్యి, అలవాటుకొద్దీ అలాగే కత్తిరించేసింది. ఎవరి భుజం వాళ్ళు కొలుచుకోలేరు. ఆమెకు టేపు పట్టింది ఎప్పుడూ ఆయనే. ప్రతిసారీ ఒక అంగుళం ఎక్కువ చెప్పి ఏడిపించేవాడు.

"విప్పి మళ్ళీ కుట్టు. ఇటు తిరుగు, నేను కొలుస్తాను," అని చెల్లెలు టేపు అందుకుంది.

ఆమె తిరిగి నిలబడింది. టేపు భుజానికి తగలగానే కోటును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"వద్దులేవే. చలి కదా, లోపల ఇంకో స్వెటరు పడుతుంది," అంది.