చెవి వెనక నల్లకాడ

ఆయన ప్లంబరే. కానీ పనికి పిలిచిన ఇంట్లో అడుగు పెట్టగానే కుళాయి వైపు చూడడు. పెరట్లోకి వెళ్లి, మెడ వెనక్కి వంచి, గోడను కింది నుంచి పైదాకా చూస్తాడు. అక్కడ మొలిచిన ఫెర్న్ మొక్కల్ని బట్టి లోపల ఏ పైపు కారుతోందో చెబుతాడు. అందుకే పేటలో ఆయన పేరు ఆకుల ప్లంబరు. పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. ఆయన దాన్నే బోర్డు మీద రాయించుకున్నాడు.

ఇదంతా ప్రకృతి ప్రేమ అనుకుంటే పొరపాటు. మొక్కలు మనతో మాట్లాడతాయని పరవశించేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లుమంట. "మాట్లాడవండీ. తడి ఉన్న చోట మొలుస్తాయి, లేని చోట ఎండుతాయి, అంతే" అంటాడు. ఆయన శాస్త్రం కూడా అంతే పొట్టిది. దారంలాంటి నల్లటి కాడకు చిట్టి విసనకర్రల్లాంటి ఆకులుంటే అది నల్లకాడ. దానికి మంచినీళ్లు కావాలి, అదీ రోజూ, చుక్కచుక్కగా. సబ్బునీళ్లు తగిలితే మాడిపోతుంది. జడ అల్లినట్టు పొడుగ్గా ఉంటే జడాకు. దానికి పాత సున్నం గోడంటే ప్రాణం, కాస్త చెమ్మతోనే సరిపెట్టుకుంటుంది. మురుగు కారే చోట ఈ రెండూ ఉండవు, నల్లటి జిగురు పాకుతుంది. ఇక అన్నిటికంటే పైనున్న మొక్క ఎక్కడుందో లీకు అక్కడ, లేదా దానికీ పైన. బోటనీ డిగ్రీలో మూడేళ్లు చదివి నాలుగో ఏడు మరిచిపోయే సంగతిని ఆయన పైపు రెంచితో నేర్చుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు విలువ లేదు. "ఎవరైనా భోజనానికి పిలిస్తే చాలు, వడ్డించాక ఈయన్ని పెరట్లోంచి లాక్కురావాలి" అంటుంది ఆయన భార్య.

ఒక శనివారం పొద్దున మూడంతస్తుల భవనం నుంచి ఆయనకు కబురొచ్చింది. మొదటి అంతస్తులో పడగ్గది గోడ చెమ్మెక్కి రంగు పొరలు పొరలుగా ఊడుతోంది. మూడో అంతస్తులో ఉండే భవన సంఘం సెక్రటరీగారు అప్పటికే తీర్పు చెప్పేశారు. నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి, ఆ గోడకు సరిగ్గా పైన ఉన్నది రెండో అంతస్తు లెక్కల టీచరుగారి బాత్రూము, కాబట్టి సోమవారం మేస్త్రీ వచ్చి దాని నేల తవ్వుతాడు. ప్లంబరును పిలిచింది అవునని తలూపడానికే.

టీచరుగారికి మోకాలి ఆపరేషనై ఇరవై రోజులైంది. మంచం నుంచి బాత్రూముకు వాకరుతో పదకొండు అడుగులు. ఉన్నదొక్కటే బాత్రూము. అది తవ్వితే పది రోజుల పాటు ఆవిడ మెట్లు దిగి ఇంకొకరి తలుపు తట్టాలి.

ప్లంబరు పెరట్లోకి వెళ్లి మెడ వంచాడు. గోడ తళతళలాడుతోంది. ఒక్క ఆకు లేదు.

"ఇక్కడ మొక్కలుండాలే?"

"మీరొస్తున్నారనే బాబూ!" అన్నారు సెక్రటరీగారు మురిసిపోతూ. "నిన్న ఇద్దరు మనుషుల్ని పెట్టి పైదాకా గీకించి, బ్లీచింగు కొట్టించాను. మా బాల్కనీతో సహా. ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ. డాక్టరొస్తున్నాడని రోగి నాలుక కోసి పెట్టినట్టుంది."

ఇద్దరూ టీచరుగారి హాల్లోకి వచ్చారు. ఆవిడ కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది.

"తేలిందా నాయనా?"

"గోడ నోరు మూయించేశారమ్మా. మళ్లీ మొలవడానికి రెండు నెలలైనా పడుతుంది. మీకేమో సోమవారం దాకానే గడువు."

"మొలిచేదాకా ఆగడమెందుకు? మొలిచి ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఫొటో దిగే ఉంటారుగా?"

గంటలో హాల్లో పది ఫోన్లు చేరాయి. పెరట్లో జనం దిగిన ఫొటోలకు లోటు లేదు, లోటల్లా గోడకే. ఎక్కడ చూసినా పళ్లు, బుగ్గలు, రెండు వేళ్లు. "వీళ్లు ఒక్క రవ్వ పక్కకు జరిగుంటే ఎంత బాగుండేది!" అని గొణిగాడు ప్లంబరు.

"మేస్త్రీకి ఫోన్ చేసెయ్యనా మరి?" అన్నారు సెక్రటరీగారు.

అప్పుడు సెక్రటరీగారి భార్య పటం ఒకటి చంకన పెట్టుకుని దిగొచ్చింది. "వదినా, ఇది పనికొస్తుందేమో చూడండి. మా బాల్కనీలో తీసిందే."

రెండేళ్ల కిందట భవనానికి పరిశుభ్రత షీల్డు వచ్చినప్పటి ఫొటో అది. సెక్రటరీగారు షీల్డును గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నారు. కుడి చెవి వెనక, గోడలోంచి, నెమలి ఈకలా పచ్చగా ఏదో వేలాడుతోంది.

"రెండేళ్లుగా దుమ్ము దులుపుతున్నాను, ఈ పచ్చదేమిటా అని" అందావిడ.

ప్లంబరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నల్లకాడ! జానెడుంది."

"అది అలంకరణకు పెట్టుకున్న మొక్కయ్యా" అన్నారు సెక్రటరీగారు.

"కుండీ ఏదండీ?"

సెక్రటరీగారు ఫొటోలో కుండీ కోసం నిజంగానే వెతికారు.

"సబ్బునీళ్లు తాగే రకం కాదిది. టీచరమ్మ బాత్రూము నీళ్లతో బతకదు" అన్నాడు ప్లంబరు. "మేడ మీది ట్యాంకు పైపు మీ బాల్కనీ గోడలోంచేగా దిగేది?"

"ఫొటో మీద తేదీ కూడా ఉంది. దీని తర్వాత పద్నాలుగు నెలలకు గానీ నేనీ ఇంట్లో దిగలేదు" అంది టీచరు. లెక్క కుదిరినప్పటి వెలుగు ఆవిడ మొహంలోకి వచ్చింది. "అవునూ సెక్రటరీగారూ, నీళ్లు ఎటునుంచి ఎటు దిగుతాయన్నారు?"

సెక్రటరీగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం మేస్త్రీ ఒక అంతస్తు ఎక్కువ ఎక్కాడు. బాల్కనీ గోడకు మూడు టైల్స్ తీసేసరికి చేతికి తడి తగిలింది. లోపల పైపు వంపు దగ్గర వెంట్రుకంత చీలిక. ఆ నీళ్లే టీచరుగారి టైల్స్ వెనకగా జారి, టైల్స్ లేని మొదటి అంతస్తు పడగ్గదిలో తేలుతున్నాయి. నెత్తి మీద సుత్తి దెబ్బలు వింటూ టీచరు టీ తాగడం ముగించి, వాకరు పట్టుకుని, తీరిగ్గా తన పదకొండు అడుగులూ వేసింది.

ప్లంబరు ఆ ఫొటో కాపీ ఒకటి అడిగాడు. సెక్రటరీగారు కాసేపు బెట్టు చేసినా ఇచ్చేశారు. ఎంతైనా అందులో షీల్డు చాలా స్పష్టంగా పడింది. ఇప్పుడది ప్లాస్టిక్ తొడుగులో, రెంచీల సంచిలో ఉంటుంది. ఆకుల్ని చూసి లీకు చెప్పడమేమిటని ఎవరైనా నవ్వితే ఆయన దాన్ని బయటికి తీస్తాడు.

"మొహం చూడకండి. చెవి వెనక చూడండి" అంటాడు.