గింజ లేని చెయ్యి

పెంచలయ్య పుట్టింది మర్రిపాడు పక్కన ఒక చెరువు కింది పాలెంలో. కుర్రతనంలో ఉచ్చులు పెట్టి చిలకలు పట్టేవాడు. ఇప్పుడు యాభై మూడేళ్లు. ఉదయగిరి ఫారెస్టు ఆఫీసులో పదకొండేళ్లుగా దినకూలీ కాపలాదారు. పట్టుబడిన జంతువులకు మేత వేయడం కూడా అతని పనే. తాబేళ్లు వచ్చాయి, ఒకసారి కొండచిలువ వచ్చింది. రెండు రోజుల్లో వాటిని కొండకు వదిలేశారు. ఒక చిలక మాత్రం మిగిలిపోయింది.

దాన్ని ఆత్మకూరు బస్టాండులో జోస్యం చెప్పే సిద్ధయ్య దగ్గర పట్టుకున్నారు. ఏళ్ల తరబడి కత్తిరించిన రెక్క ఇక ఎగరడానికి పనికిరాదని పశువుల డాక్టరు చెప్పాడు. దూరపు ఊళ్లో పక్షుల ఆశ్రమం ఒకటి ఉంది. అక్కడ వల కట్టిన పెద్ద గదిలో తోటి చిలకలతో బతకవచ్చు. అయితే కరవకుండా మనిషి చేతికి వచ్చే పక్షినే ఆ గదిలోకి వదులుతారు. రాకపోతే చచ్చేదాకా మూరెడు పంజరమే. దాన్ని ఆ గదికే పంపాలని పెంచలయ్య పట్టుబట్టాడు.

ఎవరు చెయ్యి లోపల పెట్టినా చిలక కరిచేది. పెంచలయ్య వేళ్లకు మూడు వారాలు గుడ్డకట్టు ఉంది. రోజూ తలుపు తీసి, అరచేతిలో వడ్లగింజలు పెట్టుకుని బయట కూర్చునేవాడు. ఇరవై రెండో రోజు చిలక నడిచి వచ్చింది. అడుగున పరిచిన పేపరులోంచి ఒక ముక్క చించి తెచ్చి అతని చేతిలో పెట్టింది. గింజ తీసుకుంది. లోపలికి పోయింది.

ఆ ముక్కను ఇంటికి తీసుకుపోయి భార్యకు చూపించాడు.

“నాకిచ్చింది.”

“ముప్పై ఏండ్లుగా కూడు పెడతా ఉండా. నేనిచ్చింది ఒక్కటైనా ఇట్టా జేబులో పెట్టుకున్నావా?” అంది ప్రమీలమ్మ.

కొన్నాళ్లకు కేసు సంతకానికి సిద్ధయ్య వచ్చాడు. పెంచలయ్య గర్వంగా చెయ్యి చాచి చూపించాడు. చిలక వచ్చి కాగితం పెట్టింది, గింజ తీసుకుంది, వెనక్కి పోయింది.

సిద్ధయ్య నవ్వాడు. “ఏందన్నా, నువ్వు గూడా జోస్యం మొదలుపెట్టినావా?”

“అది నన్ను నమ్మింది.”

“నమ్మలా. పని చేస్తా ఉండాది. జోస్యం అట్ట తీస్తే గింజ. తొమ్మిదేండ్లు నాకు చేసింది, ఇప్పుడు నీకు.”

“మరి కరవడంలా గదా?”

“బయట కరవదు. బయట డ్యూటీ. నేను లోపల చెయ్యి పెట్టింది ఈకలు కత్తిరించేనాడే. అది మరిచిపోద్దా?”

సంతకం పెట్టి వెళుతూ సిద్ధయ్య అన్నాడు: “బాధపడబాక. నువ్వు రేంజర్ని నమ్మే దినామూ పనికి వస్తా ఉండావా ఏంది?”

అతను పోయాక పెంచలయ్య ఖాళీ చెయ్యి చాచాడు. చిలక ఒక ముక్క తెచ్చి పెట్టి, ఎదురుచూసింది. ఇంకొకటి పెట్టింది. మూడోది పెట్టాక అతని బొటనవేలు కరిచింది.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పంజరం అడుగు రేకు లాగి, పేపరు తీసేసి ఇసుక పోశాడు. మేత గిన్నె బయటినుంచే నింపాడు. మధ్యాహ్నాలు తలుపు తీసి, దానికి వీపు పెట్టి గంటసేపు కూర్చునేవాడు. నెల దాటినా చిలక కదలలేదు. నలభై ఒకటో రోజు గడప మీదికి వచ్చి ఈకలు సవరించుకుంది. అతని చొక్కా కాలరు ముక్కుతో పట్టుకుని, వదిలేసింది. చాలాసేపు అక్కడే ఉంది. అతను తల తిప్పలేదు.

ఆ వారమే కొండకు మంటలంటుకున్నాయని అతణ్ణి ఐదు రోజులు పైకి పంపారు. దిగి వచ్చేసరికి ఆఫీసులో నవ్వులు. గుమాస్తా రవికుమార్ బల్ల మీద చీటీలు పరిచి కూర్చున్నాడు. ప్రమోషన్, బదిలీ, సస్పెన్షన్. చిలక నడుస్తూ ఒక్కొక్కరికీ చీటీ తీసి గింజ తీసుకుంటోంది.

“రా పెంచలయ్యా, నీ పర్మనెంటు సంగతి అడుగు.”

“గింజలు పెట్టబాకండి సార్.”

“ఎంత బుద్ధిగా చేతికొస్తా ఉండాదో చూడు. వీడియో తీసి ఆశ్రమానికి పంపినా. సరేనన్నారు. రేపే బండి.”

“అది చేతికి రావడం కాదు సార్. అక్కడ కరుస్తాది. ఇంకో నెల టైమియ్యండి.”

“పంపాలని ఏడ్చింది నువ్వే. పంపతా ఉంటే ఏడ్చేదీ నువ్వేనా?”

మర్నాడు పెంచలయ్య పంజరం తలుపు తీసి, వీపు పెట్టి కూర్చున్నాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. గోనెపట్టా వేసి పట్టిస్తానన్నాడు రవికుమార్. పెంచలయ్య లేచాడు. బల్ల మీది వడ్లు నాలుగు తీసి, బండిలో పంపడానికి తెచ్చిన అట్టపెట్టెలో చెయ్యి పెట్టి పిలిచాడు. చిలక వెంటనే పెట్టెలోకి వచ్చింది. గింజ దాని నోట్లో ఉండగానే చెయ్యి తీసి మూత వేశాడు.

పది రోజులకు ఫోనొచ్చింది. ఆశ్రమంలో పక్షులను చూసుకునే అశ్విత.

“వచ్చిన రోజే ఇద్దరిని కరిచిందండీ. విడిగా పంజరంలో పెట్టేశాం. వీడియోలో బాగానే ఉందే?”

“చెయ్యి లోపల పెట్టబాకమ్మా. తలుపు తీసి, అటు తిరిగి కూర్చో. గంటసేపు. దానికేమీ పెట్టబాక, దాన్నేమీ అడగబాక.”

“ఎన్నాళ్లు?”

“ఇక్కడ నలభై ఒక్కరోజు పట్టినాది.”

“నాలుగు వందల పక్షులకు నేనొక్కదాన్నేనండీ.”

“నేనొచ్చి కూర్చుంటా.”

“మీ ఆఫీసు లెటరుంటే రానిస్తారు,” అంది ఆమె.

పెంచలయ్య లోపలికి వెళ్లి అడిగాడు. రవికుమార్ తెల్లకాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశాడు.

“పోయి ఏం పని చేస్తావని రాయమంటావు?”

పెంచలయ్య బల్ల పక్కన నిలబడ్డాడు. “పనేం లేదు సార్. అటు తిరిగి కూర్చుంటా,” అన్నాడు. రవికుమార్ పెన్ను మూత పెట్టాడు.