ఓడకని సర్దిన సామాను, విమానం మొయ్యనన్న బరువు

మొన్న కంటి పరీక్షకని హైదరాబాదు వెళ్ళి మా చెల్లెలి కూతురింట్లో నాలుగు రోజులు ఉన్నాను. ఆ పిల్లా మొగుడూ చెన్నైలో ఓడెక్కి, సముద్రం మీద సరదాగా తిరిగి రావడానికి ప్రయాణం కట్టుకున్నారు. ఓడలో ఎంత సామానైనా పెట్టుకోవచ్చునట, పైగా సాయంత్రానికో రకం బట్టలు కట్టుకోవాలట, తీరా చెన్నై దాకా పోయే విమానంలోనేమో పరిమితి దాటితే కిలోకింతని కట్టాలట. పెట్టెకు కొక్కెం తగిలించి పైకెత్తి చూసే చిన్న తూకం ఒకటి తెచ్చుకుని, ఎత్తడం, అంకె చూసి నిట్టూర్చడం, జత చెప్పులు తీసెయ్యడం, మళ్ళీ ఎత్తడం, ఇదే పని. చివరికి పిల్ల రెండు కోట్లు ఒంటిమీదే తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, నాకు నవ్వూ వచ్చింది, నంద్యాల బియ్యం మిల్లులోని కాటా కూడా కళ్ళ ముందుకొచ్చింది.

ఎనభైల మొదట్లో మాట. నేను నర్సు చదువు ముగించి నంద్యాలలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుండేదాన్ని. మా నాయన ఆళ్ళగడ్డలో పంతులు, బడి లేనప్పుడు సేద్యం. బొంబాయి నుంచి హజ్ యాత్రికులను తీసుకుపోయే ఓడలో ఆడవాళ్ళ వైద్యానికి ఆడ నర్సులు కావాలని పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. వస్తుందని ఎవరనుకున్నారు? వచ్చింది. సముద్రమంటే మా ఇంట్లో ఎవరూ చూసినవాళ్ళం కాదు. నాయన రెండు రోజులు పొద్దుపోయేదాకా చేలోనే ఉండిపోయారు, ఆ తర్వాత ఆదివారం గుడిలో ప్రార్థన ముగిశాక పాస్టరుగారికి తానే ముందుగా చెప్పారు. అదే ఆయన ఒప్పుకోలు.

రైల్లో పోయి ఓడెక్కడమే కదా అని మా అమ్మ సర్దడం మొదలుపెట్టింది. నా హాస్టలు రోజుల ఇనుప పెట్టె నిండా తెల్ల చీరలు, బూట్లు, పుస్తకాలు, సముద్రం మీద చలిగా ఉంటుందని తన పెళ్ళినాటి కంబళి, కొర్రబియ్యం, వేరుశనగ బుడ్డల పొడి, జాడీ నిండా చింతకాయ తొక్కు. ఇంతలో తంతి వచ్చింది. ఓడ ముందే బయలుదేరుతోంది, హైదరాబాదు నుంచి విమానంలో రా, టిక్కెట్టు మాది, అదనపు సామాను ఖర్చు నీది అని. మనిషికి ఇరవై కిలోలేనని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆ రోజుల్లో మన తరం వాళ్ళకు విమానమంటే తలెత్తి చూసేదే తప్ప, దానికీ ఒక తూకముంటుందని ఎవరికి తెలుసు?

ఆళ్ళగడ్డలో బస్సెక్కి, అమ్మా నాయనా నేనూ నంద్యాలలో దిగి, మా మేనమామ పనిచేసే బియ్యం మిల్లుకు పోయాం. వడ్ల బస్తాలు తూచే కాటా మీద నా పెట్టె ఎక్కించారు. మామ ముల్లు చూసి, మూత తీయించి, సామానంతా గోనెపట్టా మీద పోయించి, ఉత్త పెట్టెను మళ్ళీ తూచాడు.

“పెట్టెనే సగం బరువుండాది. నువ్వు గుడ్డలు మోస్తాండావా, ఇనుము మోస్తాండావా?” అన్నాడు.

అమ్మకు కష్టమనిపించింది గానీ మామ మాటకు ఎదురు చెప్పలేదు. బజారు నుంచి రెక్సిన్ సంచి తెప్పించి అందులోకి మార్చారు. కొర్రబియ్యం అత్త ఇంటికి పోయాయి, పుస్తకాల్లో ఒక్కటే మిగిలింది, బూట్లు నా కాళ్ళకెక్కాయి. ముల్లు సరిగ్గా ఇరవై దగ్గర నిలబడితే, మిల్లులో ఊక ఎత్తే ఆడవాళ్ళతో సహా అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అయితే ఆ కాటాకూ విమానాశ్రయానికీ మధ్య ఒక బస్టాండు ఉంది. హైదరాబాదు బస్సు కోసం నిలబడినంతసేపట్లో అత్త కారం కలిపిన బొరుగులంటూ ఒక డబ్బా దూర్చింది, వాళ్ళింటిపక్క ఆమె గుడి పాటల పుస్తకం పెట్టింది, అమ్మ తన చీర ఒకటి మడిచి జాడీ చుట్టూ చుట్టింది, పగలకుండా ఉండాలి కదా. ఒద్దని ఎవరికి చెప్పగలం? కొంగులతో కళ్ళు తుడుచుకుంటూ పెడుతున్నారు.

నాయన ఒక్కరే నాతో వచ్చారు. విమానాశ్రయంలో కౌంటరులోని కుర్రవాడు సంచి తూచి, బరువెక్కువైంది, డబ్బు కట్టండి లేదా తీసెయ్యండి అన్నాడు, మర్యాదగానే. కడితే నాయన ఊరు చేరడానికి బస్సు చార్జీ మిగలదు. సూటుబూట్లవాళ్ళ మధ్య ఆయన పంచె ఎగ్గట్టుకుని నేలమీద గొంతుక్కూర్చుని సంచి తెరిచారు. ఒక చేత కంబళి, ఒక చేత జాడీ పట్టుకుని ఏది బరువో ఎత్తి చూశారు.

“తొక్కు తీసేద్దాంలే పాపా. మీ అమ్మకు చెప్పాకు,” అన్నారు చివరికి.

మా వెనక వరుసలో, చేతిలో చిన్న తోలు సంచి తప్ప ఏమీ లేని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, నల్ల కోటు, నుదుట బొట్టు. ఆ మాట చెవిన పడగానే ఇటు తిరిగాడు.

“ఏ ఊరప్పా మీది?”

“ఆళ్ళగడ్డ.”

“మాది నంద్యాల. గుడ్డల అంగడి. బొంబాయికి సరుకు కొనను పోతాండా, పోయేటప్పుడు నాకేం బరువుంటాది? ఆ సంచి నా టిక్కెట్టు మీద రాయించు. ఆ జాడీ లోపల పెట్టప్పా ముందు.”

కుర్రవాడు ఇద్దరి టిక్కెట్లూ కలిపి చూసి సరేనన్నాడు. సంచి ఆయన పేరు మీద పోయింది, చీటీ కూడా ఆయన టిక్కెట్టుకే అంటించారు. నాయనకు కృతజ్ఞతలు చెప్పే అలవాటు లేదు. ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకుని, అంగడి ఏ వీధిలో అని మాత్రం అడిగారు.

విమానంలో ఆ అంగడాయన ఎక్కడో ముందు, నేను వెనక. బొంబాయిలో దిగాక ఆ జనంలో ఆయన కనిపించలేదు. చీటీ ఆయన దగ్గర, నా తెల్లచీరలు, ఉద్యోగపు కాగితాలు ఆ సంచిలో, ఓడ సాయంత్రానికి కదులుతుంది. హిందీ నాలుగు ముక్కలు రావు. సామాన్లు వచ్చే చోట ఒక్కొక్క పెట్టెనూ ఎవరో ఎత్తుకుపోతుంటే, ఊళ్ళో కాటా చుట్టూ నిలబడిన వాళ్ళందరూ గుర్తొచ్చి, వాళ్ళకు ఏ ముఖం చూపించాలా అనుకున్నాను. అటూ ఇటూ పరుగెత్తి, బయటి తలుపు దగ్గరికి వచ్చేసరికి, గోడవారగా నా రెక్సిన్ సంచి, దాని పక్కనే ఒక కాలు దానిమీద ఆనించి ఆయన.

“యాడికి పోయినావమ్మా? ఈడ జనాన్ని నమ్మేదానికి లేదు, కాపలా ఉండా,” అన్నాడు.

నేను ఏడ్చేశాను. ఆయనకు నా ఏడుపు అర్థం కాక, జాడీ పగిలిందేమోనని కంగారుపడి సంచి తట్టి చూశాడు. పగలలేదు. టాక్సీవాడితో బేరం ఆడి నన్ను రేవుకు పంపించాకే తన దారిన పోయాడు.

ఓడలో మొదటి వారం ఆ ఊగుడుకు లేవలేకపోయాను; ఏ తిండీ సయించని ఆ రోజుల్లో ఆ తొక్కే నన్నూ, నా గదిలోని మలయాళీ నర్సునూ నిలబెట్టింది. సెలవులో ఊరికొచ్చినప్పుడు నాయనా నేనూ నంద్యాల అంగడికి వెతుక్కుంటూ పోయాం. ఆయనకు మేమెవరమో వెంటనే గుర్తురాలేదు. గుర్తొచ్చాక మాత్రం, చీరల కుప్ప పక్కకు జరిపి మమ్మల్ని పరుపు మీద కూర్చోబెట్టి, తొక్కు చెడిపోకుండా ఉండెనా అని అడిగాడు. పోయినేడు ఆయన పోయారని విన్నాను.

మా పిల్ల బయలుదేరిన రోజు నేనూ విమానాశ్రయం దాకా వెళ్ళి, అద్దం ఇవతల నుంచి చూస్తూ నిలబడ్డాను. సామాను అప్పగించేచోట వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఈ పెట్టె మీరే సర్దుకున్నారా, ఇంకెవరైనా ఇచ్చినవి ఏమైనా ఉన్నాయా అనట. మేమే సర్దుకున్నాం, ఎవరూ ఏమీ ఇవ్వలేదు అని చెప్తేనే లోపలికి పంపుతారట. అది మన మంచికే, కాలం అలాంటిది, నేను కాదనను. మా పిల్ల చెప్పింది నిజమే కూడా. తన పెట్టె తానే సర్దుకుంది, ఎవరూ అందులో ఏమీ పెట్టలేదు.