క్యారేజీ పడింది, ఆపు

మా వంటింటి గూట్లో రెండు స్టీలు క్యారేజీలున్నాయి. రెండింటికీ సొట్టలే. పాతదానికి మూత సరిగా పట్టదు, తిప్పి తిప్పి నొక్కాలి. చూసినవాళ్ళు, "ఇంత జాగ్రత్త మనిషివి, ఆ సొట్ట తీయించుకోకూడదా?" అంటారు. తీయించను. ఆ సొట్ట నేను కావాలని చేసింది. రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

మాది బొల్లాపల్లి మండలంలో మెట్ట ఊరు. మిరపకోతల రోజుల్లో కాలువ కింది పొలాలకు కూలికి పోతాం. మా ఆడవాళ్ళ ముఠాకు నేనే పెద్దదాన్ని. రైతుతో కూలి మాట్లాడేది నేను, ఆటో మాట్లాడేది నేను, పండుకాయ చెట్టున వదిలేసినా పచ్చికాయ తెంపినా తిట్టేది నేను. నా నోటికి భయపడతారని ఊళ్ళో అంటారు. భయపడనీ. మిరపకాయ కోసిన చేత్తో కళ్ళు నలుపుకుని చూసినవాళ్ళకు నా నోరొక లెక్కా?

ఆటో మా ఆడబిడ్డ కొడుకుది. నన్ను అత్తా అంటాడు, నేను అల్లుడూ అంటాను. మంచివాడు, కష్టపడతాడు, అడిగినంత తగ్గించి తీసుకుంటాడు. తెల్లవారకముందే మమ్మల్ని ఎక్కించుకుని పొలంలో దించేవాడు, పొద్దు వాలాక మళ్ళీ ఇంటికి చేర్చేవాడు. దారి చాలావరకు కాలువ కట్ట మీదే. కంకర పోసిన ఎర్ర బాట. ఒక పక్క పొలాల్లోకి పల్లం, ఇంకో పక్క నీళ్ళు. కోతల రోజుల్లో కాలువ నిండుగా పారుతుంది. అందులో పడిన గేదెను కూడా చాలా దూరం పోయాక గానీ పట్టుకోలేరు.

నేను కూర్చునేది ఎప్పుడూ ఆటో వెనక, సామాన్లు పెట్టేచోట, కాళ్ళు వేలాడేసుకుని. లోపల ఇరుక్కుని మోకాళ్ళు ముడుచుకోవడం నావల్ల కాదు. అక్కడ కూర్చుంటే రాబోయే దారి కనపడదు, వెళ్ళిపోయిన దారే కనపడుతుంది. దుమ్ములో మన ఆటో చక్రాల గీతలు మన కాళ్ళ కిందనుంచే పుట్టి వెనక్కి పోతుంటాయి. ఏళ్ళ తరబడి ఆ గీతల్నే చూస్తూ ఇల్లు చేరాను.

ఆ సాయంత్రం ఆ గీత తేడాగా ఉంది.

గుంత తప్పించేవాడు గబుక్కున పక్కకు పోతాడు, తర్వాత నిదానంగా దారిలోకి వస్తాడు. ఆ రోజు గీత తిరగబడింది. నిదానంగా, నూనె కారినట్టు, నీళ్ళ వైపు జారుకుంటూ పోవడం, అంచు దగ్గర గబుక్కున వెనక్కి రావడం. ఒకసారి చూసి ఊరుకున్నాను. మళ్ళీ అదే. ఆ తర్వాత లాకుల దగ్గర మలుపు వచ్చింది. మా అల్లుడు ఆ మలుపుకు ముందే హారన్ కొడతాడు. ఆ రోజు మలుపు తిరిగేశాక కొట్టాడు. పైగా ఫోన్‌లో పాట చెవులు చిల్లులు పడేలా పెట్టాడు. పాటంటే ఇష్టమున్నవాడి మోత కాదు అది.

తల తిప్పి లోపలికి చూశాను. డ్రైవరు వీపు మాత్రమే నాకు కనపడింది. కాబట్టి మా వాళ్ళ చేతులు చూశాను. రోజూ ఆ వేళకు ఆ చేతులు ఊరుకోవు. ఒకరి మీద ఒకరు చరుచుకుంటూ, తలగుడ్డలు విప్పి దులుపుకుంటూ, ఎవరి మొగుడి గురించో చెబుతూ ఊగుతుంటాయి. ఆ రోజు అన్ని చేతులూ పైనున్న ఇనుప కడ్డీని పట్టుకుని ఉన్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. మా కోడలు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పక్కామె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. దాని చంటిబిడ్డ ఇంట్లో మా ఆయన దగ్గరుంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

అందరికీ తెలుసు. వాడు నిద్రలో నడుపుతున్నాడు.

అరవాలని గొంతు దాకా వచ్చింది. ఆపుకున్నాను. పిల్లల్ని పెంచినదాన్ని, పిట్టగోడ ఎక్కిన పసివాణ్ణి కింద నుంచి కేకేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఉలిక్కిపడతాడు. మా వాడు ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పితే అటు పల్లం, ఇటు కాలువ. వాడు నవ్వుకుంటూ, విసుక్కుంటూ, తనంతట తాను నిదానంగా ఆపాలి. నా మాటకు వాడు అట్లా ఆపే సంగతి ఒక్కటే ఉంది. నా పిసినారితనం. ఆ ముందు వారమే ఊడిపోయిన చెప్పు కోసం ఆటో ఆపించి వెనక్కి నడిచి తెచ్చుకున్నాను. వారమంతా ఆ చెప్పు పేరుతోనే నన్ను ఆటపట్టించారు.

ఒళ్ళో ఉన్న క్యారేజీని తీసి కంకర మీదికి విసిరాను. గిన్నెలు విడిపోయి ఠంగు ఠంగుమని దొర్లాయి.

"ఒరేయ్ అల్లుడూ," అన్నాను, రోజూ సణిగే గొంతుతోనే. "నా క్యారేజీ పడిపోయిందిరా. కాస్త ఆపు."

పాట తగ్గింది. "అయిపోయింది! మా అత్త ఆస్తి మొత్తం రోడ్డున పడింది," అని నవ్వాడు. ఆటో నిదానమై, పల్లం వైపు ఒరిగి ఆగింది.

లోపల మా పెద్ద తోడికోడలు అందుకుంది. "ఈమెకి పేణం పోయినా పర్లేదు గాని గిన్నె పోకూడదమ్మా." కడ్డీ వదిలి అందరూ ఒక్కసారిగా నవ్వారు. అవసరమైనదానికన్నా ఎక్కువే నవ్వారు.

నేను దిగి క్యారేజీ వైపు పోలేదు. ముందుకు నడిచి ఆటో తాళం లాగి బొడ్లో దోపుకున్నాను.

"ఏంది అత్తా ఇది?"

"రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నాలే. తాళం ఇయ్యి."

"ఏ రాత్రి?"

వాడు మొహం రుద్దుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పక్కనున్న నన్ను చూడటానికి కూడా తల మొత్తం తిప్పాల్సి వస్తోంది. పగలు మమ్మల్ని తిప్పడం, రాత్రికి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు పోవడం, మళ్ళీ తెల్లారేసరికి మా వీధిలో హారన్. కోతల రోజులు ఉన్నప్పుడే నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి కదా. నేను కాదనను. నేనూ అట్లా బతికినదాన్నే.

"దిగి ఎనక సీట్లో పడుకో," అన్నాను.

"ఇంతమంది ముందు నా పరువు తీత్తన్నావు అత్తా. ఇన్నేళ్ళ నుంచి తోల్తన్నా, నా బండికి ఒక్క గీత పడిందా?"

"పళ్ళేదు. ఇయ్యాల పడకూడదనే దిగమంటన్నా."

మా వాళ్ళు నా మీదే లేచారు. ఇంటికాడ గేదెలు పాలకి అరుస్తుంటాయని ఒకామె. పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు లేరని ఇంకొకామె. "నువ్వూరుకో పిన్నీ, ఆయనకి తెలవదా బండి తోలటం?" అని పక్కింటి పిల్ల. తాళం నా బొడ్లోనే ఉంది. వాడు తిట్టుకుంటూ దిగి వెనక సీట్లోకి ఎక్కాడు. కాళ్ళు చాపుకుని, వేలు చూపిస్తూ మొదలుపెట్టాడు. "నీకు చెప్పినా అర్థంగాదు గాని అత్తా, నేను ఈ కట్ట మీద కళ్ళు మూసుకుని కూడా..."

అంతే. మిగతా మాట రాలేదు. వేలు ఒళ్ళో పడింది, తల గుండెల మీదికి వాలింది. గురక వచ్చింది.

ఇక ఎవరూ గేదెల మాట ఎత్తలేదు. కాలువ పారుతున్న చప్పుడు అప్పుడు వినపడింది అందరికీ.

ముందు మా తోడికోడలే అన్నది. "నేను లాకుల కాడే జూశా. తల ఊగింది."

"నేనూ జూశా పెద్దమ్మా."

"నాకు తోటకాడి నుంచే గుండె దడ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారే అందరూ?" అని అడిగాను.

ఒకామె, నువ్వేమీ అనలేదుగా అంది. ఒకామె, మన మనిషే కదా, అట్టా అంటే ఏమనుకుంటాడో అంది. పక్కింటి పిల్ల, అందరూ ఊరుకున్నారు గాబట్టి నాకే అట్టా అనిపించిందేమో అనుకున్నా అంది. మా కోడల్ని చూశాను. అది తల వంచుకుని, "అన్నయ్య గదా అత్తయ్యా, మొగమాటమేసింది," అంది.

మొహమాటం. నా జీవితంలో విన్న మాటలన్నింటిలో నాకు చిరాకు పుట్టించే మాట అదే. మా వాళ్ళు భయం తెలియని మనుషులు కారు. మోటార్ సైకిల్ మీద తెలియని మగవాడు పక్కనుంచి పోతే మెడలో పూసల మీదికి చెంగు లాక్కుంటారు. కొత్తవాడు చీరల మూట దించితే వాకిట్లోనే నిలబెడతారు. అదే మన అల్లుడు, మన తమ్ముడు, మన బాబాయి అయితే, నీళ్ళ వైపు తీసుకుపోతున్నా కడ్డీ పట్టుకుని కూర్చుంటారు. ఒళ్ళు చెబుతూనే ఉంటుంది. చేతులకు ముందే తెలుసు, అందుకే బిగుసుకున్నాయి. నోరే ఎవరి పరువో కాపాడుతూ ఊరుకుంది. చదువు నాకు పెద్దగా లేదు, అక్షరాలు దిద్ది కూడబలుక్కునేసరికే బడి మాన్పించారు. కానీ ఒళ్ళు చెప్పే మాట వినడానికి బడి అక్కర్లేదు. విన్నాక పైకి అనాలి, అంతే.

పొద్దు పూర్తిగా వాలేదాకా వాణ్ణి పడుకోనిచ్చి, ఈలోగా వెనక్కి నడిచి సొట్టపడ్డ గిన్నెలు ఏరుకొచ్చుకున్నాను. లేచి, కాలువ మెట్ల దగ్గర మొహం కడుక్కుని వచ్చి, చెయ్యి చాపాడు. తాళం ఇచ్చాను. వెన్నెల్లో గీత తిన్నగా వచ్చింది, ఇంటిదాకా చూస్తూనే ఉన్నాను.

మర్నాడు మా ఆడబిడ్డ వచ్చి వాకిట్లో నిలబడి కేకలేసింది. "నా కొడుకుని పదిమందిలో నిద్రమొగమని అన్నావంటగా వదినా!"

"అన్నా. నీ కొడుకున్నాడు గాబట్టి నాతో పోట్లాడను వచ్చావు. లేకపోతే ఇద్దరం ఒకే చాప మీద కూకుని ఏడుత్తుండేవాళ్ళం. టీ తాగుతావా?"

అరుగు మీద కూర్చుంది. తాగింది. ఆ రాత్రి నుంచి కోతలయ్యేదాకా కొడుకును యార్డుకు పంపలేదు.

అప్పట్నుంచి మా ముఠాలో ఒక పద్ధతి పెట్టాను. ఎవరికి ఏ అనుమానం తోచినా, "క్యారేజీ పడింది, ఆపు," అనాలి. ఆటో ఆగాలి. ఎందుకని ఆగాక అడగాలి గానీ ముందు అడగకూడదు. ఉత్తదే అయినా నవ్వకూడదు. డ్రైవరును దొంగ అననక్కర్లేదు, నిద్రమొహం అననక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. మొహమాటస్తులకు అంతకన్నా సులువైన దారి నాకు తోచలేదు. ఒకామె మాత్రం దారిపక్క రేగుపళ్ళు కనపడి క్యారేజీ పడిందంది. ఆ రోజు ఆమె తిన్నవి పళ్ళకన్నా తిట్లే ఎక్కువ.

ఈ ఏడు నా మోకాళ్ళు నన్ను ఇంట్లో కూర్చోబెట్టాయి. ముఠాతో మా కోడలు పోతోంది. కోడలి సంగతి చెప్పాలి. దాని నోట్లోంచి ఒక మాట బయటికి రావాలంటే ముందు కొంగు బాగా నలగాలి. నేను లేకుండా పంపడానికి మనసొప్పక, క్యారేజీ కొత్తది కొనిచ్చి, "కాయల్తో పాటు దారి కూడా చూసుకో," అని చెప్పాను.

ఒక సాయంత్రం ఆలస్యమైంది. వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆటో వచ్చింది, మా అల్లుడిది కాదు. వాడు పెళ్ళికి పోయి, ముప్పాళ్ళ వైపు కుర్రాణ్ణెవరినో మాట్లాడిపెట్టాడట. కోడలు దిగి లోపలికి వచ్చి, క్యారేజీని చప్పుడు చేయకుండా గూట్లో పెట్టబోయింది.

"ఇటియ్యి."

ఇచ్చింది. కొత్త గిన్నె, మూత దగ్గర లోపలికి నొక్కుకుపోయింది.

"ఏందిది?"

"కట్ట మీద ఫోన్‌లో సినిమా జూత్తా తోల్తన్నాడు అత్తయ్యా. క్యారేజీ పడిందంటే, పోనీలే అక్కా అన్నాడు, మన పద్ధతి తెలవదుగా. అందుకని నిజంగానే పడేశా. అందరం ఒకటే గోల చేస్తే ఆపాడు. ఆపాక ఫోన్ తీసుకుని పెద్దత్త ఒళ్ళో పెట్టా. ఊళ్ళోకొచ్చాక ఇత్తామని చెప్పా."

"వాడేమన్నాడు?"

"ఏదో అన్నాడు. నాకు ఇనపళ్ళేదు."

గిన్నెను దీపం వైపు తిప్పి చూశాను. కొత్త వస్తువు. మామూలు రోజైతే పొద్దుపోయేదాకా అనేదాన్ని.

"పాతది పట్టుకుపోకూడదా, ఎట్టాగూ సొట్టదే," అన్నాను.

"పాతది మీరు ఎవర్ని ముట్టుకోనిచ్చారు?" అంది. కొంగు నలపకుండానే అంది.

రెండు క్యారేజీలూ కడిగి గూట్లో పక్కపక్కన బోర్లించాను. దానికి అన్నం నేనే వడ్డించాను.