అంబలి పండుగకు బిస్కట్ పొట్లాలు

ఎళ్ళమావాస్య నాడు జొన్నచేను మధ్యలో నిలబడి, అంబలి గిన్నెకు అడ్డంగా చెయ్యి చాపి, పదకొండు మంది ఆడవాళ్ళకు బిస్కట్ పొట్లాలు పంచిన మనిషి బీదర్ జిల్లా మొత్తంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతె నేనే. ఇంకెవరైనా ఉన్నారని మీకు తెలిస్తే దయచేసి కబురు పంపండి. ఇద్దరం కలిసి సంఘం పెట్టుకుంటాం.

ఇప్పుడు నేను ఈ ఊళ్ళో పేరున్న ఫిట్‌నెస్ కోచ్‌ని. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది గాని, అబద్ధం మాత్రం కాదు. మోకాళ్ళు పట్టుకొని నా దగ్గరికి వచ్చినవాళ్ళు మూడు నెలలు తిరిగేసరికి నా మెట్లు దడదడా దిగి పోతారు. ఎనిమిదేళ్ళ కిందట అలా కాదు. గంజ్ బజార్లో ఒక పప్పుల దుకాణం మీది హాల్లో, పొద్దున ఆరింటికి నడిచే ఒకే ఒక్క ఆడవాళ్ళ బ్యాచ్ నాది. ఆ దుకాణం వాళ్ళ ఇల్లాలు సరోజక్క నా మొదటి శిష్యురాలు. మిగతా పదిమందీ ఆమెను చూసి వచ్చినవాళ్ళే.

అయితే సరోజక్కకు నాగమ్మ అనే అత్త ఉంది. ఇంటి కోడలు పొద్దున్నే పోయి ఎగరడమేమిటని ఆమె ఆరు నెలలు సణిగింది. కోడలి నడుంనొప్పి తగ్గాక కాస్త మెత్తబడి, సరే పొమ్మంది. నాగమ్మ వద్దంటే సరోజక్క రాదు. సరోజక్క రాకపోతే మిగతావాళ్ళు రారు. ఎవరూ రాకపోతే నేను తిరిగి మా అన్న బట్టల దుకాణంలో కూర్చొని, ఎవరూ కొనని చీరలు మడతపెట్టాలి. అంటే ఆ రోజుల్లో నా బతుకంతా నాగమ్మ మొహం ఎలా ఉందన్న దాని మీదే నడిచేది.

వ్యాయామం సంగతి వస్తే అప్పుడూ నాకు తిరుగు లేదు. తిండి సంగతి వస్తే మాత్రం నా జ్ఞానం ఒక్క ముక్కలో ఉండేది: కొంచెం తగ్గించండి. ఏది తగ్గించాలని అడిగితే అన్నీ అనేదాన్ని. ఈ సమాధానంతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తానా అని దిగులుపడుతున్న రోజుల్లో, మా ఊళ్ళోనే ఒక ఫంక్షన్ హాల్లో పోషకాహార సదస్సు జరుగుతోందని తెలిసింది. డాక్టర్లు వస్తారు, ఆహార నిపుణులు వస్తారు, రైతులు వస్తారు, నాలాంటి కోచ్‌లు కూడా రావచ్చు. పేరు రాయించుకుంటే మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు నేను వారం రోజులు తియ్యలేదు. కూరగాయల బండి దగ్గరికి కూడా వేసుకొని పోయాను. బండి అతను దాన్ని చూసి కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చాడు, ఏ ఆఫీసు నుంచి వచ్చాననుకున్నాడో ఏమో.

సదస్సులో నేనెలా కూర్చున్నానో చెబితే మీకు మిగతా కథ చాలావరకు అర్థమవుతుంది. ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో ఫోను. వేదిక మీద ఎవరేం చెబుతున్నా నేను మాత్రం మా బ్యాచ్ గ్రూపులో ఫోటోలు పెడుతున్నాను. నేనూ తెర, నేనూ పూలకుండీ, నేనూ డాక్టరమ్మ వీపు. అటునుంచి పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పంపుతుంటే, వాటికి తిరిగి దండాల బొమ్మలు పంపడంతోనే నాకు సరిపోయింది. కళ్ళు ఫోనుకు, చెవులు గ్రూపుకు అప్పగించాను. సదస్సుకు హాజరైంది నా కార్డు ఒక్కటే.

మధ్యాహ్నం తెర మీద ఒక జాబితా వచ్చింది. ఎదురుచూస్తున్నది ఇదేనని గబుక్కున ఫోటో తీశాను. నా ముందు వరుసలో ఒక పెద్దాయన ఇంత లావు తెల్ల తలపాగా చుట్టుకొని కూర్చున్నాడు. ఫోటోలో పై భాగమంతా ఆ తలపాగాయే పడింది. కింద జాబితా మాత్రం అద్దంలా వచ్చింది. బ్రౌన్ బ్రెడ్, గోధుమ బిస్కట్లు, డబ్బా జ్యూసు, పండ్ల రుచి పెరుగు, తేనె పూసిన కార్న్‌ఫ్లేక్స్, ప్రోటీన్ బార్లు, చాక్లెట్ పాలపొడి.

చాక్లెట్ పాలపొడి దగ్గర నాకూ కాస్త అనుమానం వచ్చింది, లేదనను. కానీ అదే నిమిషంలో పక్కనున్నామె, బయట స్టాళ్ళ దగ్గర ఊరికే సంచులిస్తున్నారట అంది. ఊరికే ఇచ్చే సంచి సంగతి విని కుర్చీలో కూర్చోగలిగిన మనిషిని మా ఊళ్ళో నేనింతవరకు చూడలేదు. లేచి ఉరికాను. వరుసలో నాలుగో స్థానం దొరికింది. సంచి విప్పి చూస్తే ఏముందనుకున్నారు? గోధుమ బిస్కట్లు, బార్లు, చిన్న డబ్బా జ్యూసు. లోపల తెర మీద ఉన్నవే బయట సంచిలో ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిందే స్టాళ్ళవాళ్ళు ఇస్తున్నారు, ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఆ అనుమానం అక్కడే చచ్చిపోయింది.

మరునాడు ఆ జాబితాను చేత్తో పెద్ద అట్ట మీద రాసి, పైన 'మన ఆహారం' అని నేనే పేరు పెట్టి గోడకు తగిలించాను. జొన్నరొట్టె బందు, పప్పు బందు. పొద్దున పాలపొడి, పదింటికి బిస్కట్లు, సాయంత్రం బారు. మా బ్యాచ్ వాళ్ళంత క్రమశిక్షణ కలిగిన మనుషులు లోకంలో ఉండరు. ఇంట్లో అందరికీ రొట్టెలు కాల్చిపెట్టి, తాము మూలన కూర్చొని కార్న్‌ఫ్లేక్స్ నమిలారు. సరోజక్క ఒక్కతే ఒకసారి మెల్లగా అడిగింది, "సునీతా, గీ పాలపొడి మా పిలగాండ్లు తాగే చాక్లెట్ దాని లెక్కనే ఉన్నది గదా?" సైన్సు ముందుకు పోయిందక్కా అని సముదాయించాను.

రెండు వారాలకు బరువు చూస్తే అందరికీ పెరిగింది. నేను బెదరలేదు. గచ్చు ఎత్తుపల్లాలుగా ఉందని యంత్రాన్ని కిటికీ దగ్గరికి జరిపాను. అక్కడా పెరిగింది. తలుపు దగ్గర పెట్టాను, ఇంకొంచెం పెరిగింది. యంత్రం పాడైందని తీర్పు చెప్పి, దాని మీద గుడ్డ కప్పేశాను.

అంతలో ఎళ్ళమావాస్య వచ్చింది. తెలియనివాళ్ళకు చెబుతాను. చలికాలంలో జొన్న కంకి పాలు పోసుకునే వేళ మా వైపు ఊళ్ళన్నీ ఖాళీ అయి చేలకు పోతాయి. జొన్న చొప్పతో గుడిసె కట్టి, భూమికి పూజ చేసి, అంబలి చేనంతా చల్లి, ఆ తర్వాత అక్కడే కూర్చొని తింటారు. రకరకాల పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, జొన్నరొట్టె, సజ్జరొట్టె, మజ్జిగ కలిపిన జొన్న అంబలి. దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి పెడతారు. ఆ రోజు చేనుకు పోయి తినకుండా తిరిగి రావడమంటే ఆ ఇంటివాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టే.

సరోజక్క వాళ్ళ చేను జనవాడలో ఉంది. బ్యాచ్ మొత్తాన్నీ రమ్మని నాగమ్మే స్వయంగా పిలిచింది. నా పేరు ప్రత్యేకంగా చెప్పి మరీ పిలిచింది. నేను ఆ గౌరవానికి పొంగిపోయి, సదస్సులో ఇచ్చిన సంచి నిండా బిస్కట్ పొట్లాలు కుక్కుకొని వెళ్ళాను. ఆ కార్డు కూడా వేసుకున్నాను.

చేలో అందరం బంతి కూర్చున్నాం. నాగమ్మ కొత్త కుండలోంచి అంబలి ముంచి, మొదటి గిన్నె నాకే చాపింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. చిరునవ్వుతో పెట్టాను, అదొక్కటే తక్కువైనట్టు. తర్వాత లేచి నిలబడి, ఒక్కొక్కరి విస్తరి పక్కనా ఒక్కో పొట్లం పెట్టుకుంటూ పోయాను.

"మా చేనుకొచ్చి ముద్ద ముట్టవా?" అంది నాగమ్మ.

"గట్ల కాదు పెద్దమ్మా. అంబలిల ఏమేముందో లెక్క తెల్వది. దీంట్ల అయితే పొట్లం మీదనే రాసి ఉన్నది."

నాగమ్మ గిన్నెను తిరిగి కుండలో వంపింది. కోపంగా వంపి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె చాలా నిదానంగా, ఒక్క చుక్క కింద పడకుండా వంపింది. "సరోజా, రేపటి సంది పొద్దుగాల నువ్వు యాడికి పోవుడు లేదు," అంది. సరోజక్క తల దించుకుంది. పక్కనున్న పదిమందీ పొట్లాల వంక చూస్తూ కూర్చున్నారు. ఏడాదిన్నర కష్టపడి ఒక్కొక్కరినీ ఆ మెట్లెక్కించాను, ఒక్క గిన్నెతో అందరూ దిగిపోతున్నారు. మా అన్న దుకాణంలోని చీరల వాసన నాకు జనవాడ దాకా వచ్చింది.

అప్పుడు చొప్ప గుడిసెలోంచి నాగమ్మ పెనిమిటి మాణిక్యయ్య తాత బయటికి వచ్చాడు. ఆయన ఊళ్ళోనే ఉండి చేను చూసుకుంటాడు, బీదర్‌కు రావడం తక్కువ. అందుకే నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు, లేదా చూడలేదని అనుకున్నాను. పూజకు తీసిన తలపాగాను చుట్టుకుంటూ వచ్చి, ఈ లొల్లి ఏమిటని అడిగాడు. నేను నా పరువు నిలబెట్టే ఆఖరి సాక్ష్యం అనుకొని, ఫోన్లో ఆ ఫోటో తెరిచి ఆయన చేతిలో పెట్టాను. పెద్ద సదస్సులో డాక్టరమ్మ చెప్పిన జాబితా ఇదేనన్నాను.

తాత ఫోనును చెయ్యంత దూరం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, గీ తెల్లగ కొండ లెక్క కనవడేది నా రుమాలు," అన్నాడు తలపాగా తడుముకుంటూ.

నేను ఆయన తల వంక చూశాను, ఫోను వంక చూశాను. అదే మడత, అదే లావు. పాత జొన్న విత్తనాలు కాపాడుతున్నందుకు ఆ సదస్సులో ఆయనకు శాలువా కప్పారట. అందుకని ముందు వరుసలో కూర్చోబెట్టారట.

"నా రుమాలు అడ్డం వచ్చిన కాడ పెద్ద అచ్చరాలు ఉండె," అన్నాడు తాత.

"ఏమని ఉండె తాతా?" అని అడిగాను.

"ఆరోగ్యం అని పేరు పెట్టి అమ్మే చక్కెర అని ఉండె. ఇవి ఇంట్లకు రానియ్యకుండ్రి అని ఆ డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. దాని తర్వాతి బొమ్మల ఇగో, గీ భజ్జి, గీ రొట్టె, గీ అంబలి పెట్టింది. అది నువ్వు చూడలేదా?"

"ఆ యాళ్ళకు నేను సంచి కాడ ఉన్న తాతా."

సంచి నా భుజానికే వేలాడుతోంది. అందరూ దాన్ని చూశారు. మొదట సరోజక్క పెదవి కొరుక్కుంది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత ఇంకేమీ ఆపుకోలేదు. పదకొండు మంది నవ్వులకు చేలోని పిట్టలన్నీ లేచిపోయాయి. తాత పాపం తప్పు తన రుమాలుదేనని నన్ను ఓదారుస్తూ, ఒక పొట్లం విప్పి ఎద్దు ముందు పెట్టాడు. ఎద్దు వాసన చూసి మొహం తిప్పుకొని చొప్ప నమలడం మొదలుపెట్టింది. ఆ ఎద్దు సదస్సును చివరిదాకా విన్నదేమోనని నాకిప్పటికీ అనుమానమే.

నాగమ్మ మాత్రం నవ్వలేదు. నేను వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. కార్డు మెడలోంచి తీసి సంచిలో పడేశాను. "తప్పైంది పెద్దమ్మా. ఎరక్క చేసిన. కోపముంటే నన్ను తిట్టు, అక్కను మాత్రం ఆపకు," అన్నాను. అంతకంటే ఎక్కువ మాట్లాడి ఉంటే ఏడ్చేసేదాన్ని.

ఆమె కుండలో చెంబు ముంచింది. గిన్నె కాదు, చెంబు. నా చేతిలో పెట్టి, అయ్యేదాకా చూస్తూ కూర్చుంది. తర్వాత రెండో చెంబు. రొట్టెలు, భజ్జి, మళ్ళీ చెంబు. నా జన్మలో చేసిన కసరత్తులన్నిటిలోకీ అదే కష్టమైనది, కానీ అంత కమ్మటి అంబలి నేను మళ్ళీ తాగలేదు. నేనింక కదలలేని స్థితికి వచ్చాక నాగమ్మ తీర్పు చెప్పింది.

"రేపటి సంది సరోజ వస్తది. నేను గూడ వస్త. నువ్వు ఏం చెప్తున్నవో చూసేటోళ్ళు ఒకరు ఉండాలె."

అలా నా బ్యాచ్ పన్నెండు మందైంది. డెబ్బై దాటిన నాగమ్మ నా హాల్లో కుర్చీ వేసుకొని, చేతులు ఎత్తుతూ దించుతూ, నేను తిండి గురించి నోరు తెరిచినప్పుడల్లా ఎక్కడ చదివావని అడిగేది. ఆమె భయంతోనే నేను నిజంగా చదువుకున్నాను, కోర్సు చేశాను, పరీక్ష రాశాను. నిరుడు అదే సదస్సులో నన్ను వేదిక మీదికి పిలిచి అంబలి గురించి మాట్లాడమన్నారు. బాగా మాట్లాడాను. ముందు వరుసలో తాత తలపాగా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

కాబట్టి పాఠకులారా, జనవాడ జొన్నచేను సాక్షిగా, మొహం తిప్పుకున్న ఎద్దు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పైన ఏం రాసి ఉందో చదవకుండా ఏ జాబితానూ గోడకు తగిలించను. ఎవరు చాపిన అంబలికీ చెయ్యి అడ్డం పెట్టను. సదస్సు ముగిసేదాకా సంచుల వరుసలో నిలబడను. ఆ మూడో మాట నిలబెట్టుకోవడం ఇప్పుడు సులువే, నా వంతు సంచి కూడా కలిపి తేవడానికి నాగమ్మ భోజనాల కంటే ముందే వెళ్ళి వరుసలో నిలబడుతుంది.