ఏం తిని ఎక్కిండ్రురా?

మా పక్కింటి మిలిటరీ తాత మొన్న ఆదివారం పోయాడు. అంత్యక్రియల రోజు చర్చి బయట అందరూ ఆయన తుపాకీ గురించే చెప్పుకున్నారు. నాకు ఏడుపూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. తాత సర్వీసంతా పట్టింది గరిటె. పటాలంలో ఆయన వంటవాడు.

నాలుగేళ్ల కింద, అందరూ కలిసి ఇంటర్నెట్‌లో రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో యుద్ధ చరిత్ర పేజీలు దిద్దే వాలంటీర్‌గా చేరాను. నారాయణఖేడ్ బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్లో కూర్చుని తాత పటాలం మీద మొదటి పేజీ రాశాను. కాగితం మీద దించుకొచ్చి గొప్పగా చదివి వినిపించాను: "తెల్లవారకముందే సైనికులు సింహాల్లా కొండెక్కారు."

"ఏం తిని ఎక్కిండ్రురా?" అన్నాడు తాత.

"అది రాయలేదు తాతా."

"గా పొద్దు చలికి నీళ్లు గడ్డకట్టినయ్. రొట్టెలయ్యేసరికి ఎండొచ్చింది. ఉత్త కడుపుతోని ఎవడెక్కుతడు? ఎండొచ్చినంక ఎక్కిండ్రని రాయి."

నా సింహాలు అక్కడే పోయాయి. ఆ తర్వాత ఏ యుద్ధం చదివినా ఆయనది ఇదే వరస. కోటను నెల రోజులు ముట్టడించారంటే, "పొయ్యిలకు కట్టెలెక్కడియి?" అనేవాడు. జవాబు వెతకబోతే సగం వాక్యాలు నిలిచేవి కావు. చరిత్ర దిద్దడం నాకు నేర్పింది ఆయనే.

ఇంతలో తాత పటాలం పేజీ మీద ఒక సీనియర్ వాలంటీర్ నోటీసు పెట్టాడు. అచ్చయిన ఆధారం వారంలో చూపకపోతే పేజీ తీసేస్తారట. సాక్షి మా పక్కింట్లోనే ఉన్నాడని రాశాను. పక్కింటి మనిషి మాట చెల్లదన్నాడు. సంగతి చెప్పగానే తాత అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"గాడ నేనున్న! గాయన ఉన్నడా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, పటాలం వాళ్లు అచ్చేయించిన హిందీ పుస్తకం ట్రంకుపెట్టెలోంచి తీసుకొచ్చాడు. నిండా నూనె మరకలు. వీరుల పేర్లు పేజీల కొద్దీ ఉన్నాయి, వంటవాళ్ల పేరు ఒక్కటీ లేదు. కానీ ఒక మూల, ఎండ వచ్చాక జవాన్లు వేడి రొట్టెలు తిని కొండెక్కారని ఉంది.

ఆ వాక్యంతో పేజీ బతికింది. తాతను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

"నీ పేరు లేదు తాతా" అన్నాను. నాకే సిగ్గేసింది.

"పేరేంజేసుకోవాలె? తిన్నరని ఉన్నది గదా." తెర మీంచి వేలు తీయకుండానే అడిగాడు. "గిది మళ్ల ఎవరన్న తీసేస్తరారా?"

"తీయొచ్చు తాతా. ఎవరైనా తీయొచ్చు."

తాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. టైమైపోయిందని సెంటరాయన రెండుసార్లు చెప్పినా లేవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నడుం నిటారుగా, ఆ ఒక్క వాక్యానికి కాపలా కూర్చున్నాడు.